కృష్ణ మీది లాంచీలకు పొగ తగ్గించడం ఎలా: సాగర్, సోమశిల రేవుల వారికి ఒక మార్గదర్శి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వారికి సముద్రం దూరమే గాని నౌకాయానం దూరం కాదు. నాగార్జునసాగర్ జలాశయంలో నాగార్జునకొండకు లాంచీలు నడుస్తాయి, సాగర్ నుంచి శ్రీశైలానికి నల్లమల కొండల నడుమ గంటల తరబడి సాగే ప్రయాణం ఉంది, కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి శ్రీశైలం వైపు మరొక దారి ఉంది, వీటికి తోడు చేపల పడవలు, రేవులు దాటించే ఇంజన్ పడవలు ఎన్నో ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం డీజిల్‌తోనే నడుస్తాయి. వాటి పొగ గాలిలో కలుస్తుంది, వాటి అడుగున చేరిన నూనె నీటిలో కలుస్తుంది. పుట్టంగండి దగ్గర ఎత్తిపోసే సాగర్ నీరే హైదరాబాద్ నగరానికీ, ఫ్లోరైడ్ పీడించిన నల్లగొండ పల్లెలకూ తాగునీరు అవుతున్నది గనుక, ఇక్కడ రెండవ సమస్య మొదటి దానికంటె చిన్నదేమీ కాదు. లాంచీ యజమానులు, మత్స్యకార సహకార సంఘాలు, రేవు ఉన్న గ్రామ పంచాయతీలు ఈ మార్పును ఏ వరుసలో, ఏ లెక్కతో చేపట్టాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. పర్యావరణహితమైన పడవ అనగానే అందరి దృష్టి ఇంజన్ మీదికి పోతుంది, కొత్త ఇంధనం ఏమిటని అడుగుతారు. నా అభిప్రాయంలో అసలు పని రేవులో ఉంది. రేవు సిద్ధం కాకుండా కొన్న బ్యాటరీ పడవ వాతావరణానికి చేసే మేలు దాదాపు శూన్యమని కింది లెక్క చూస్తే తెలుస్తుంది.

మొదట డీజిల్ లెక్క రాయండి

ఏ లాంచీ ఎంత తాగుతుందో యజమానికి సుమారుగానే తెలుస్తుంది, ఆ సుమారు మీద లక్షల రూపాయల నిర్ణయం తీసుకోరాదు. ప్రతి ప్రయాణానికి ముందు, తరువాత ట్యాంకులో గేజు కర్ర ముంచి, తడి ఎంతవరకు అంటిందో చూసి పుస్తకంలో రాయించండి. కర్ర ముంచేటప్పుడు లాంచీ నిలకడగా, ఒక పక్కకు ఒరగకుండా ఉండాలి. ప్రయాణికులు ఒకవైపు దిగుతుండగా కొలిస్తే లెక్క తప్పుతుంది. దాని పక్కనే ప్రయాణికుల సంఖ్య, ఇంజన్ నడిచిన గంటలు, ఎదురుగాలి ఉన్నదీ లేనిదీ, జలాశయం మట్టం ఎంత ఉన్నదీ రాయాలి. వర్షాకాలపు వరదల్లో ఒక నెల, నీరు తగ్గిన వేసవిలో ఒక నెల రాస్తే మీ లాంచీ స్వభావం మీ చేతికి వస్తుంది.

ఒక లీటరు డీజిల్ మండితే సుమారు 2.68 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అదే లీటరులో దాదాపు 10 యూనిట్ల (కిలోవాట్ గంటల) శక్తి ఉంటుంది, కాని చిన్న ఇంజన్లలో అందులో మూడో వంతు మాత్రమే ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టుకు చేరి మిగిలినది వేడిగా పోతుంది. ఈ రెండు అంకెలూ గుర్తుంటే తక్కిన లెక్క అంతా లాంచీ నడిపే సరంగులే వేసుకోగలరు.

పెద్దగా ఖర్చు లేని పొదుపు

లెక్క పుస్తకం చేతికి వచ్చాక మొదట ముట్టుకోవలసింది వేగాన్ని. నీటిని తోసుకుంటూ పోయే బరువైన పడవకు కావలసిన శక్తి సుమారుగా వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగాన్ని పదో వంతు తగ్గిస్తే ఇంజన్ మీది భారం నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది, ప్రయాణ సమయం పెరగడాన్ని కలుపుకున్నా దూరానికి పట్టే ఇంధనంలో దాదాపు అయిదో వంతు మిగులుతుంది. ముప్పావు గంట దారికి అదనంగా పట్టేది అయిదు నిమిషాలు. నాగార్జునకొండ మ్యూజియం మూసే వేళకు ముందు ఒక ట్రిప్పు ఎక్కువ వేయాలన్న తొందరలో సరంగు ఇంజన్‌ను బిగించి నడుపుతాడు గనుక, ఈ పొదుపు కావాలంటే వేళల పట్టికను మార్చాలి, సరంగును నిందించి లాభం లేదు.

తరువాత పడవ అడుగు చూడాలి. మంచినీటిలో సముద్రపు గవ్వలు అంటుకోకపోయినా నాచు పడుతుంది, అది పట్టిన పడవ నీటిని ఈడ్చుకుంటూ పోతుంది. వేసవిలో ఒడ్డుకు లాగినప్పుడు అడుగు గీకించి, ప్రొపెల్లర్ రెక్కల అంచులు వంగి ఉంటే సరిచేయించి, షాఫ్టు వరుస సరిగా ఉన్నదో లేదో చూపించాలి. ఇంజన్ కింద ఇనుప పళ్లెం అమర్చి, కారిన నూనెను అక్కడే పట్టాలి. ఇంజన్ గది మూత ఎత్తి చూస్తే చాలా లాంచీలలో అడుగున నల్లటి నీరు నిలిచి ఉంటుంది, దానిని పంపుతో నేరుగా జలాశయంలోకి తోడేయడం అలవాటుగా సాగుతున్నది. రేవు దగ్గర నీటి మీద సాయంత్రపు ఎండలో రంగులు తేలే పలుచని పొర అదే. నూనెను పీల్చే గుడ్డలను ఆ నీటిలో వేసి నూనె తీసిన తరువాతనే తోడాలి, నూనె పీల్చిన గుడ్డలనూ పాత ఇంజన్ ఆయిల్‌నూ డబ్బాలలో దాచి అనుమతి పొందిన రీసైక్లింగ్ వారికే ఇవ్వాలి.

చేపలు పట్టే పుట్టిలకు ఇవేవీ అవసరం లేదు. తెడ్డుతో నడిచే పుట్టికంటె శుభ్రమైన వాహనం ఈ నది మీద లేదు. లాంచీలు రేవు దగ్గర వేగం తగ్గించి వాటికి అలల తాకిడి లేకుండా చూస్తే చాలు.

బ్యాటరీయా, బయోడీజిలా: దారి పొడవే తేలుస్తుంది

ఇప్పుడు ఇంధనం విషయానికి వద్దాం. ఒక ఊహా లాంచీని తీసుకుందాం. అది గంటకు 12 లీటర్లు తాగుతుంది, రానూపోనూ గంటన్నర నడుస్తుంది. ఒక్కో ట్రిప్పుకు 18 లీటర్లు, అంటే దాదాపు 48 కిలోల బొగ్గుపులుసు వాయువు. షాఫ్టుకు చేరే శక్తి గంటకు సుమారు 38 యూనిట్లు, ట్రిప్పుకు 57. మోటారులో, దాని కంట్రోలర్‌లో పదో వంతు పోతుందనుకుంటే బ్యాటరీ నుంచి 63 యూనిట్లు కావాలి. బ్యాటరీని ఎప్పుడూ అడుగంటా వాడరాదు, ఎదురుగాలికి, నడినీట ఆగిపోయిన మరో పడవను లాక్కురావడానికి కనీసం 30 శాతం మిగల్చాలి. అంటే 90 యూనిట్ల బ్యాటరీ సరిపోతుంది. ఇది ఈరోజు మన దేశంలో సాధ్యమైన పనే. కేరళలో వైకోమ్, తవణక్కడవు మధ్య 75 మంది ప్రయాణికులు ఎక్కే ఆదిత్య అనే సౌర పడవ 2017 జనవరి నుంచి నడుస్తున్నది. కొచ్చిన్ షిప్‌యార్డ్ నిర్మించిన బ్యాటరీ పడవలతో కొచ్చి వాటర్ మెట్రో 2023 ఏప్రిల్‌లో మొదలైంది.

అదే లాంచీని సాగర్ నుంచి శ్రీశైలానికి ఆరు గంటలు నడపాలంటే ఇదే పద్ధతిలో లెక్క వేసి చూడండి, 360 యూనిట్ల బ్యాటరీ కావలసి వస్తుంది. ఒక యూనిట్ నిలవకు సుమారు 9 కిలోల బరువు వేసుకున్నా మూడు టన్నులు దాటుతుంది. ఆ ప్రయాణానికి కావలసిన డీజిల్ బరువు 60 కిలోలు. మధ్యలో అంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం, చార్జింగ్‌కు ఆగే చోటు ఉండదు, ఉండకూడదు కూడా. కాబట్టి నాగార్జునకొండ వంటి చిన్న దారులకు, రేవు దాటించే పడవలకు బ్యాటరీ. శ్రీశైలం దారికి డీజిల్‌లో బయోడీజిల్ కలిపి వాడటం, లేదా రెండూ ఉన్న హైబ్రిడ్ ఏర్పాటు. హైబ్రిడ్‌లో రేవుల దగ్గర, అడవి మలుపుల దగ్గర చప్పుడు లేకుండా బ్యాటరీ మీద, విశాలమైన నీటిలో ఇంజన్ మీద నడపవచ్చు. అడవి జంతువులు నీటికి వచ్చే వేళల్లో ఇంజన్ మోత తగ్గడం ఈ దారిలో చిన్న లాభం కాదు.

బయోడీజిల్ వాడదలచిన వారు కొన్ని సంగతులు తెలుసుకొని మొదలుపెట్టాలి. ఇరవై శాతం వరకు కలిపిన మిశ్రమాన్ని చాలా ఇంజన్లు మార్పులు లేకుండానే తీసుకుంటాయి, అయినా తయారీదారు ఏ శాతం వరకు ఒప్పుకుంటాడో ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి. బయోడీజిల్‌కు మురికిని కరిగించే గుణం ఉంది. ఏళ్ల తరబడి డీజిల్ నిలిచిన ట్యాంకు గోడల మట్టిని అది వదిలించి ఫిల్టర్లకు తెచ్చి పెడుతుంది. అందువల్ల ముందుగా ట్యాంకు కడిగించి, మొదటి కొన్ని వారాల్లో ఫిల్టర్లను రెండు మూడుసార్లు మార్చాలి. నడి జలాశయంలో ఫిల్టర్ మూసుకుపోయి ఇంజన్ ఆగితే జరిగేది మాటల్లో చెప్పనక్కరలేదు. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి ఉబ్బుతాయి, వాటిని మార్చాలి. ఇది నీటిని పీల్చుకుంటుంది, నీరు చేరిన చోట సూక్ష్మజీవులు పెరిగి జిగురు కడతాయి. కాబట్టి వానాకాలంలో ట్యాంకు నిండుగా ఉంచడం, అడుగు నీటిని తరచు వదలడం, ఆరు నెలలకు మించి నిలవ పెట్టకపోవడం తప్పనిసరి. బయోడీజిల్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 15607కు తగినదని పరీక్షా పత్రం చూపని డ్రమ్మును, ధర ఎంత తక్కువైనా, కొనవద్దు.

కానుగ చెట్లు మన చెలకల గట్ల మీద, రోడ్ల పక్కన కావలసినన్ని ఉన్నాయి గదా, నూనె తీసి నేరుగా పోయవచ్చునా అని చాలామంది అడుగుతారు. పోయరాదు. గానుగ నుంచి వచ్చిన కానుగ నూనె చిక్కగా ఉంటుంది, అందులో ఆమ్లాలు ఎక్కువ, అది ఇంజెక్టర్లను పాడుచేస్తుంది. దానిని మొదట ఆమ్లం తగ్గించి, తరువాత మిథనాల్‌తో చర్య జరిపి బయోడీజిల్‌గా మార్చాలి, ఇది ఫ్యాక్టరీలో జరిగే పని. వాడేసిన వంట నూనెకు కూడా ఇదే వర్తిస్తుంది. హోటళ్ల నుంచి ఆ నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్పించే రూకో పథకాన్ని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018లో ప్రారంభించింది. నల్లగొండ, మిర్యాలగూడ హోటళ్ల నూనెను సేకరించే వారితో మాట్లాడి, మార్చిన ఇంధనాన్ని రేవులకు తెప్పించుకునే ఏర్పాటు చేసుకోవడం సహకార సంఘాలకు చేతనైన పనే.

పెద్ద ఓడల ఇంధనాల మాట ఏమిటి? మిథనాల్, అమ్మోనియా, హైడ్రోజన్ గురించి పత్రికల్లో తరచు చదువుతాం. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023లో నిర్ణయించిన ప్రకారం నౌకాయానపు ఉద్గారాలు 2050 నాటికో ఆ దరిదాపుల్లోనో నికరంగా శూన్యం కావాలి, అందుకే ఓడల కంపెనీలు వీటి వెంట పడ్డాయి. మిథనాల్‌తో డీజిల్ చేసే పని చేయించాలంటే దాదాపు రెండున్నర రెట్లు పెద్ద ట్యాంకు కావాలి. అమ్మోనియాను సాధారణ పీడనంలో ద్రవంగా ఉంచాలంటే మైనస్ 33 డిగ్రీలకు చల్లార్చాలి, పైగా అది విషవాయువు. హైడ్రోజన్‌ను అలా ద్రవంగా ఉంచాలంటే మైనస్ 253 డిగ్రీలు కావాలి. కొచ్చిన్ షిప్‌యార్డ్ నిర్మించిన హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ పడవను 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు, కాని అది ప్రయోగం. తాగునీటి జలాశయంలో, రెండు వందల మంది నిలబడే రేవులో వీటిని ఇప్పుడే తెచ్చిపెట్టుకోవడం తొందరపాటు అవుతుంది.

రేవు సిద్ధం చేయడం

పైన వేసిన బ్యాటరీ లెక్కను ఒక అడుగు ముందుకు తీసుకుపోదాం. 63 యూనిట్లు బ్యాటరీ నుంచి రావాలంటే చార్జింగ్ నష్టంతో కలిపి 70 యూనిట్లు కరెంటు కావాలి. మన దేశంలో గ్రిడ్ కరెంటు ఒక్కో యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది, ఎందుకంటే అందులో అధికభాగం బొగ్గుదే. డెబ్భై యూనిట్లకు 49 కిలోలు. డీజిల్ లాంచీ లెక్క 48 కిలోలు! పొగ గొట్టం లాంచీ మీద నుంచి దామరచర్ల దగ్గరి 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం మీదికి మారిందే తప్ప వాతావరణానికి ఒరిగింది ఏమీ లేదు. నీటిలో నూనె కలవకపోవడం, ప్రయాణికుల ముక్కుకు పొగ తగలకపోవడం నిజమైన లాభాలే. కాని వాతావరణం పేరు చెప్పి పథకానికి నిధులు అడిగేవారు ఈ లెక్కను దాచకూడదు. సాగర్, శ్రీశైలం, జూరాల జలవిద్యుత్ మన పక్కనే ఉంది గదా అంటే, అది కూడా గ్రిడ్‌లోకే పోతుంది, రేవు తీగలోకి ప్రత్యేకంగా రాదు.

కాబట్టి రేవు మీద సౌర ఫలకాలు తప్పవు. మన ప్రాంతంలో ఒక కిలోవాటు ఫలకం రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. రోజుకు మూడు ట్రిప్పులు, అంటే 210 యూనిట్లు కావాలంటే 52 కిలోవాట్లు, నడక దారులు వదిలి లెక్కిస్తే దాదాపు 520 చదరపు మీటర్ల చోటు పడుతుంది. టికెట్ గది, వేచి ఉండే షెడ్డు, పార్కింగ్ నీడ, వీటి పైకప్పులే అందుకు చాలు, చెట్టు కొట్టే పని లేదు. లాంచీ పైకప్పు మీది ఫలకాలు కొంత సాయం చేస్తాయి గాని వాటినే నమ్ముకోవడానికి లేదు. వేగం పదో వంతు తగ్గించాలని పైన చెప్పుకున్నాం. అది పాటిస్తే ఈ అంకెలన్నీ అయిదో వంతు తగ్గుతాయి, ఫలకాల ఖర్చూ బ్యాటరీ ఖర్చూ తగ్గుతాయి.

జెట్టీ నిర్మాణం మన జలాశయాల్లో కొచ్చికంటె కష్టం. అక్కడ నీటి మట్టం ఆటుపోట్లతో కొద్దిగా మారుతుంది, ఇక్కడ పదుల అడుగులు మారుతుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885 అడుగులు. వేసవిలో శ్రీశైలం వెనుక నీరు తగ్గినప్పుడు మునిగి ఉన్న సంగమేశ్వరాలయం బయటపడుతుంది, సోమశిల మెట్లు నీటికి చాలా ఎత్తున నిలిచిపోతాయి. స్థిరమైన కాంక్రీటు జెట్టీ మీద చార్జింగ్ స్తంభం పాతితే ఏడాదిలో సగం రోజులు లాంచీ దాన్ని అందుకోలేదు. నీటితో పాటు లేచి దిగే తేలే జెట్టీ కావాలి, ఒడ్డు నుంచి దానికి కీలు మీద తిరిగే వంతెన కావాలి, ఆ వంతెన వెంట విద్యుత్ తీగ వదులుగా, చుట్టలుగా వేలాడాలి. చార్జింగ్ ప్లగ్గు తేలే భాగం మీద, నడుము ఎత్తున, వాన తగలని పెట్టెలో ఉండాలి, లీకేజీ కరెంటు కనబడగానే సరఫరా ఆపేసే సాధనం లేకుండా ఆ పెట్టెను తెరవనివ్వకూడదు. నీరు బాగా దిగే చోట ఒకే తేలే జెట్టీని వేర్వేరు మట్టాల్లో కట్టుకోవడానికి ఒడ్డు వాలు మీద రెండు మూడు లంగరు దిమ్మెలు ముందే కట్టించాలి.

ఎండ సంగతి మరిచిపోరాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో మే నెలలో 45 డిగ్రీలకు చేరువయ్యే రోజులుంటాయి. ఇనుప డెక్కు కింద గాలి ఆడని గదిలో బ్యాటరీ పెడితే అది త్వరగా కాలం చేస్తుంది. గాలి లేదా నీటి చల్లదనం, ఉష్ణోగ్రత చూపే మీటరు, మంటను పసిగట్టే అలారం ఉండాలి. వేడి తట్టుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ లేదా టైటనేట్ రకాలనే అడగాలి. బ్యాటరీల బరువు లాంచీ అడుగున, మధ్య గీతకు రెండు పక్కలా సమంగా పడాలి. పైడెక్కు మీద పెడితే లాంచీ ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదంలో తెలంగాణవారు కూడా ప్రాణాలు కోల్పోయారు. లైఫ్ జాకెట్లు, ప్రయాణికుల పరిమితి, వరద హెచ్చరికలు సరిగా లేని పడవకు బ్యాటరీ బిగించి ప్రయోజనం లేదు.

సరుకు పంపేవారు చేయగలిగింది

నల్లగొండ జిల్లా వాడపల్లి నుంచి విజయవాడ వరకు కృష్ణ 157 కిలోమీటర్ల మేర జాతీయ జలమార్గం 4లో భాగమని 2008లోనే ప్రకటించారు, ఆ కాగితాల్లో మన వాడపల్లి పేరు వజీరాబాద్. ఆ దారిన సిమెంటు బార్జీలు కదిలే రోజు కోసం కాచుకొని కూర్చోవడం కంటె, ఇప్పుడు రోడ్డూ రైలూ ఎక్కి సముద్ర రేవులకు పోతున్న సరుకు గురించి ఆలోచించడం మేలు. మిర్యాలగూడ మిల్లుల బియ్యం ఎక్కువగా కాకినాడ వైపు సాగుతుంది, 2025లో తెలంగాణ ప్రభుత్వం ఫిలిప్పీన్స్‌కు పంపిన బియ్యం అక్కడే ఓడెక్కింది. ఎగుమతిదారులు రేవు వరకు లారీకి బదులు రైలు వ్యాగన్లు ఎంచుకోవడం, ఓడ బెర్తులో నిలిచినప్పుడు దాని సహాయక ఇంజన్లు ఆపి ఒడ్డు కరెంటు వాడుకునే వీలు రేవులో ఉన్నదా అని ఒప్పందానికి ముందు అడగడం ప్రారంభించవచ్చు. సరుకు టన్నుకు వెలువడే ఉద్గారాలను 2030 నాటికి 30 శాతం, 2047 నాటికి 70 శాతం తగ్గించాలని ప్రధాన రేవులకు కేంద్రం 2023లో హరిత్ సాగర్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఖాతాదారులు అడుగుతూ ఉంటేనే అవి కాగితం దాటి బెర్తుల మీదికి వస్తాయి.

పనుల కాలం

తేలే జెట్టీ లంగర్లు, ఒడ్డు తీగలు, లాంచీ అడుగు మరమ్మతు ఇవన్నీ నీరు దిగిన ఏప్రిల్, మే నెలల్లో చేయించుకోవాలి. సౌర ఫలకాలు ఏడాది పొడవునా బిగించవచ్చు. నిరుడు రాసిన డీజిల్ పుస్తకం చేతిలో ఉంటే బ్యాటరీ పరిమాణం గురించి అమ్మకందారు చెప్పే మాటను మీరే సరిచూసుకోగలరు. సరంగులకు, మెకానిక్కులకు అధిక వోల్టేజీ పనిలో శిక్షణ ఇప్పించకుండా పాత ఇంజన్‌ను విప్పనివ్వవద్దు. ఇంజన్ మారిన లాంచీ 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం కింద మళ్లీ సర్వే చేయించుకోవాలి. కొత్త బరువులతో అది ఎంత ఒరుగుతుందో సర్వేయరు ఎదుట నిలకడ పరీక్ష జరిపి, ప్రయాణికుల పరిమితిని తిరిగి రాయించి, ఆ పత్రం టికెట్ గది గోడ మీద కనబడేలా అంటించిన తరువాతనే ప్రయాణికులను ఎక్కించాలి.